ఒకరు చదవాలి, ఇంకొకరు వినాలి



సూరత్‌లో ఉధ్నా, లింబాయత్, పాండేసరా వైపు ఉండే మన తెలుగు ఇళ్లలో పుస్తకం మాట ఎత్తితే ముందు ఒక చిక్కు ఎదురవుతుంది. బాపుకి తెలుగు చదవడం వచ్చు, తీరిక లేదు. పన్నెండు గంటల పాళీ, అంటే షిఫ్టు, దిగి వచ్చిన మనిషికి అక్షరాల మీద కన్ను నిలవదు. అమ్మకి కూడబలుక్కుంటే వస్తుంది, కానీ ఆమె ఒళ్లో ఎప్పుడూ మార్కెట్ నుంచి వచ్చిన చీరల కట్ట ఉంటుంది. దారపు పోగులు కత్తిరించాలి, రాళ్లు అంటించాలి, సాయంత్రానికి లెక్క అప్పజెప్పాలి. అవ్వకి చదువే రాదు. ఇక పిల్లలంటారా, చకచకా చదివేస్తారు. హిందీలోనో, గుజరాతీలోనో, ఇంగ్లీషులోనో. తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చూస్తే మాత్రం జిలేబీ చుట్టల్లా ఉందని నవ్వుతారు.

ఇలాంటి ఇంటికి పుస్తకాలు చెప్పమని నన్ను అడిగారు. పిల్లలకి కొన్ని, పెద్దలకి కొన్ని చెప్పమన్నారు. రెండు జాబితాలు రాద్దామని కూర్చున్నాను, రాయలేకపోయాను. పిల్లల పుస్తకం పిల్లల చేతికి, పెద్దల పుస్తకం పెద్దల చేతికి ఇచ్చి ఎవరి మూల వాళ్లు చదువుకునే ఇల్లు కాదు కదా మనది. ఒకటిన్నర గది. అందులో ఒకరు చదివితే తక్కినవాళ్లు వినక తప్పదు. అందుకని ఈ పూట నేను చెప్పబోయే పుస్తకాల్లో చివరి రెండూ తప్ప అన్నీ ఒక్క పరీక్షకి నిలిచినవే. గొంతెత్తి చదివితే వినడానికి బాగుండాలి. చదివే మనిషికి పదేళ్లా, యాభయ్యా అన్నది తరవాతి సంగతి.

మనలో చాలామంది పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పనికి వచ్చినవాళ్లం. సిరిసిల్లలో సాంచా నడిపిన చెయ్యి ఇక్కడికొచ్చినా సాంచానే పట్టింది. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇంత దూరంలో ఒక నగరపాలక సంస్థ తెలుగులో బడి నడపడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే మన పిల్లలందరూ అందులో చేరరు. చేరినవాళ్లకు కూడా పాఠ్యపుస్తకం దాటిన తెలుగు కనపడేది తక్కువ. ఇంట్లో తెలుగంటే టీవీలో సినిమా, గోడ మీద తెలుగు క్యాలెండర్, పెళ్లి శుభలేఖ.

ముందు పిల్లల పుస్తకాల గురించి ఒక ఫిర్యాదు చేసి మొదలుపెడతాను. మన పిల్లల కథల్లో ఎక్కువ భాగం నీతి చెప్పడానికే పుడుతున్నాయి. కథ మధ్య దాకా బాగానే ఉంటుంది. కుందేలు పరిగెత్తుతుంటుంది, పిల్లవాడు చెట్టెక్కుతుంటాడు, అంతలో తెల్ల గడ్డం తాతయ్యో హెడ్మాస్టరుగారో వచ్చి రెండు పేరాలు ఉపదేశం చేస్తారు. పిల్లలు ఆ రెండు పేరాల దగ్గర పుస్తకం మూసేస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఆ తాతయ్య వస్తే నేనూ మూసేస్తాను. కాబట్టి కొనే ముందు చివరి పేజీ తిప్పి చూడండి. అక్కడ 'కాబట్టి పిల్లలూ' అని కనపడితే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి.

దూరాన ఉన్న మనకి షాపులో నిలబడి పేజీలు తిప్పి చూసే వీలు తక్కువ. అలాంటప్పుడు బహుమతులు కొంత దారి చూపిస్తాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఏటా ఒక్కో భాషలో ఒక పిల్లల పుస్తకానికి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. బహుమతి వచ్చిందంటే పిల్లలు నవ్వుతారని హామీ ఏమీ లేదు. పెద్దవాళ్లు కూర్చుని పిల్లలకి ఏది మంచిదో తేల్చే వ్యవహారం అది. అయినా కళ్లు మూసుకుని కొనడం కన్నా నయం.

ఆ వరసలో మన ఇళ్లకి అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది 2022లో బహుమతి వచ్చిన 'బాలల తాతా బాపూజీ'. రాసినది పత్తిపాక మోహన్. సిరిసిల్ల మనిషి. ఆ పేరు చెబితే చాలు, ఉధ్నాలో సగం మంది మావోడే అంటారు. గాంధీ కథని పిల్లలు పాడుకునేట్టు పద్యంలా చెప్పిన పుస్తకం ఇది. లయ ఉంది కాబట్టి తెలుగు అక్షరాలు తడుముకుంటూ చదివే పిల్లలకి కూడా రెండో పాదం ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. తడబడినా ఊపు ఆగదు. అక్షరం సరిగా రాని పిల్లలకి వచనం కన్నా పాట సులువన్నది మన పెద్దలకి ఎప్పుడో తెలుసు. ఈ మధ్య మరిచిపోయాం, అంతే.

ఈ పుస్తకం చదవడానికి ఉధ్నాకి మించిన చోటు ఇంకోటి లేదని నా నమ్మకం. 1930లో గాంధీ సబర్మతి నుంచి దండికి నడిచినప్పుడు ఏప్రిల్ మొదటి రోజుల్లో సూరత్ మీదుగానే వెళ్లాడు. ఆ దండి ఇప్పుడు మన పక్కనున్న నవసారి జిల్లాలో ఉంది. ఒక ఆదివారం పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. 2019 జనవరి 30న అక్కడ ఉప్పు సత్యాగ్రహ స్మారకం ప్రారంభించారు. గాంధీతో నడిచిన సత్యాగ్రహుల కంచు విగ్రహాలు అక్కడ వరసగా నిలబెట్టారు. పిల్లల్ని తీసుకెళ్లండి, పుస్తకం సంచిలో పెట్టుకోండి. సిరిసిల్ల కవి రాసిన తెలుగు పాదాలు మన పిల్లలు ఆ విగ్రహాల ముందు చదువుతుంటే పక్కనున్న గుజరాతీ కుటుంబాలు తిరిగి చూస్తాయి. చూడనివ్వండి.

2023లో బహుమతి వచ్చిన పుస్తకం డి.కె. చదువుల బాబు కథల సంపుటి 'వజ్రాల వాన'. ఆ పేరు వినగానే సూరత్ పిల్లలు ఊరుకోరు. వరాఛా, కతార్‌గాం వైపు వెళ్తే ఇంటింటా వజ్రాలు సానబట్టే ఊరు ఇది. ఇక్కడ వజ్రం అంటే ఎవరో ఒక బాబాయి జీతం. రాయలసీమలో మాత్రం వజ్రం నిజంగానే వానతో వస్తుంది. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో జనం వంగి వెతుకుతుంటారు. ఈ రెండు సంగతులూ పిల్లలకి చెప్పి తరవాత పుస్తకం చేతికివ్వండి. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ నవల 'మాయాలోకం'కి, 2025లో గంగిశెట్టి శివకుమార్ కథలు 'కబుర్ల దేవత'కి ఆ బహుమతి వచ్చింది. నవల అంటే రాత్రికి ఒక భాగం చొప్పున సాగదీసుకోవచ్చు, టీవీ సీరియల్‌కి పోటీగా.

2021లో బహుమతి వచ్చిన దేవరాజు మహారాజు పుస్తకం 'నేను అంటే ఎవరు' వీటిలో వేరు రకం. అది నాటకం. ఆయన జంతుశాస్త్రం ఆచార్యుడు, సైన్సు విషయాలు తెలుగులో విడమరచి చెప్పడంలో చెయ్యి తిరిగిన మనిషి. నాటకం పుస్తకం ఎవరూ కొనరు, ఒంటరిగా చదివితే చప్పగా ఉంటుందని. మన ఇళ్లలో ఒంటరితనం ఎక్కడిది? నలుగురు పిల్లలు నాలుగు పాత్రలు పంచుకుంటే గది గదే రంగస్థలం. నవరాత్రులకి గర్బా ఎలాగూ ఆడుతున్నారు, బతుకమ్మా ఆడుతున్నారు. మధ్యలో ఒక సాయంత్రం సొసైటీ ముందు చదరపు జాగాలో ఈ నాటకం వేయించవచ్చు.

పాత పుస్తకమే అయినా ఒకదాన్ని వదలలేను. జపాన్‌లో తెత్సుకో కురొయానాగి 1981లో రాసిన 'తొత్తోచాన్' తెలుగులో 'రైలుబడి' పేరుతో దొరుకుతుంది. అల్లరి భరించలేక ఒక బడి వెళ్లగొట్టిన చిన్న పిల్లని తల్లి ఇంకో బడికి తీసుకెళ్తుంది. ఆ బడిలో తరగతి గదులు పాత రైలు పెట్టెలు. హెడ్మాస్టరు కొబయాషి ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించినవన్నీ చెప్పమని నాలుగు గంటలు వింటాడు. ఉధ్నా జంక్షన్ పక్కన, రైలు కూత వింటూ పెరిగే పిల్లలకి రైలు పెట్టెలో బడి అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అన్నట్టు, ఆ రచయిత్రి 2023లో, నలభై రెండేళ్ల తరవాత, జపాన్‌లో దానికి రెండో భాగం తెచ్చారు. తొంభై ఏళ్ల వయసులో. యుద్ధం రోజుల్లో తన బాల్యం ఎలా గడిచిందో అందులో చెప్పుకున్నారు.

రైలుబడి చదివిన ఇంట్లో తరవాత చదవాల్సినది గుజరాత్ పుస్తకమే. గిజుభాయి బధేకా పేరు ఇక్కడి బడి పంతుళ్లందరికీ తెలుసు. ముందు వకీలు. 1920లో భావ్‌నగర్‌లో పసిపిల్లల కోసం బాలమందిరం పెట్టాడు. మీసాలున్న అమ్మ అని పిలిచేవాళ్లు ఆయన్ని. ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. ఒక మాస్టారు విద్యాధికారి దగ్గరికి వెళ్లి, నాకో తరగతి అప్పగించండి, నా పద్ధతిలో చెబుతాను అంటాడు. నాలుగో తరగతి ఇస్తారు. మొదటి రోజు నిశ్శబ్దంగా కూర్చునే ఆట ఆడిద్దామని పెద్ద పథకంతో వెళ్తాడు. పిల్లలు అరుపులు, కేకలు, వెక్కిరింపులతో ఆ పథకాన్ని తుక్కు తుక్కు చేస్తారు. తరవాత కథ చెప్పడం మొదలుపెడతాడు. అప్పుడు కూర్చుంటారు. సన్న పుస్తకం. దీన్ని పిల్లలకి కాదు, ట్యూషన్ ఫీజు కట్టి పిల్లవాణ్ణి చితక్కొట్టే తండ్రికి ఇవ్వమంటాను. చదవడం కుదరకపోతే ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి, ఆయన అన్నం తినే పది నిమిషాల్లో.

ఇక అక్షరం బొత్తిగా రాని పిల్లల సంగతి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని ఒక వేదిక మొదలుపెట్టారు. ఫోన్‌లో తెరిస్తే చాలు, బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు. నాలుగు మెట్లుగా పేర్చి ఉంటాయి. మొదటి మెట్టులో పేజీకి నాలుగు మాటలు, నాలుగో మెట్టులో నిండు పేజీ. మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే ఒకే కథ తెలుగులోనూ గుజరాతీలోనూ హిందీలోనూ ఒడియాలోనూ దొరకవచ్చు. ఒడిశా గంజాం నుంచి వచ్చిన పక్కింటి పిల్లవాడు ఒడియాలో, మీ పాప గుజరాతీలో, మీరు తెలుగులో ఒకే ఏనుగు కథ చదవవచ్చు. బొమ్మ ఒకటే కదా, తెలిసిన భాషలో చదివాక తెలుగు అక్షరం దానంతటదే తెలుస్తుంది. చెన్నైలోని తూలికా పబ్లిషర్స్ 1996 నుంచి ఇదే పని అచ్చు పుస్తకాల్లో చేస్తున్నారు. తెలుగు, గుజరాతీ రెండూ వాళ్ల భాషల్లో ఉన్నాయి. ఒక పేజీలోనే ఇంగ్లీషు పక్కన తెలుగు ఉండే బొమ్మల పుస్తకాలు కూడా వేస్తారు. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకి అవి మంచి ఎర. అన్నట్టు, ఈ మొదటి మెట్టు కథలు పిల్లలకే అనుకోకండి. చదువు రాని తల్లి ఎవరూ చూడకుండా అక్షరాలు నేర్చుకోవడానికి ఫోన్ కన్నా మర్యాదైన పంతులు లేదు.

పెద్దల పుస్తకాలకి వస్తాను. పెద్దలు అన్నానే గాని, ముందే చెప్పినట్టు ఇవి కూడా ఇల్లంతా వినేవే.

ఓల్గా 'విముక్త' 2015లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం. రామాయణంలోని ఆడవాళ్లు ఒకరినొకరు కలుసుకుంటే ఏం మాట్లాడుకుంటారన్నది అందులో కథ. 'సమాగమం' అనే మొదటి కథలో అడవిలో ఉన్న సీత శూర్పణఖ పెంచిన తోట చూడటానికి వెళ్తుంది. తరవాత అహల్య, రేణుక, ఊర్మిళ వస్తారు. చిన్న పుస్తకం, అయిదే కథలు. ఒక మధ్యాహ్నం మా వాడలో ఆడవాళ్లు అయిదారుగురు చీరల కట్టలు ముందేసుకుని కూర్చుని ఉంటే, కాలేజీ చదివే ఒక అమ్మాయి ఈ మొదటి కథ చదివి వినిపించింది. కత్తెరల చప్పుడు తప్ప ఇంకేం లేదు. శూర్పణఖ పేరు రాగానే ఒకావిడ కత్తెర ఆపి, "ఆమె ముక్కు కోసిండ్రు గదనే, సీత ఆమె ఇంటికెట్ల పోతది?" అంది. ఇంకొకామె, "పోతది, పోకేం జేస్తది, ఇద్దరి బతుకు ఒక్కతీర్గనే అయె గద" అంది. చదివే అమ్మాయిని పక్కనబెట్టి పావుగంట సేపు వాళ్లే వాదించుకున్నారు. నేనెక్కడో చదివిన విమర్శ వ్యాసాల కన్నా ఆ పావుగంట బాగుంది. మిగిలిన కథ వినకుండా ఎవరూ లేవలేదు, చీరలు మాత్రం ఆ పూట తక్కువే అయ్యాయి.

రామాయణం తెలిసినవాళ్లకి ఈ పుస్తకం ఉపోద్ఘాతం లేకుండానే అందుతుంది. కోపం వచ్చేవాళ్లు కూడా ఉంటారు. రానివ్వండి, కోపంతో కూడా చివరిదాకా వింటారు.

సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం' 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి గెలిచింది. 2021లో దర్శకుడు క్రిష్ సినిమాగా తీశారు కాబట్టి కథ కొంత తెలిసే ఉంటుంది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం రాని కుర్రాడు, ఊళ్లో మేత కరువైతే గొర్రెల మందతో పాటు నల్లమల అడవిలోకి వెళ్తాడు. కడప జిల్లా గొర్రెల కాపరులు కరువు రోజుల్లో మందని కొండకి తోలుకుపోవడాన్నే కొండపొలం అంటారు. మేత కోసం ఊరు విడిచిన మంద కథ ఇది. పని కోసం ఊరు విడిచిన మనకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. కడప మాట మనకి కొత్త కాబట్టి మొదటి పది, ఇరవై పేజీలు కొంచెం నెమ్మదిగా సాగుతాయి. ఓపిక పట్టండి. పులి అడుగు వినపడ్డాక మీరు ఆపమన్నా పిల్లలు ఆపనివ్వరు. పదో తరగతి దాటిన మగపిల్లలు ఇంట్లో ఉంటే మొదట కొనాల్సింది ఇదే.

రమేశ్ కార్తీక్ నాయక్ కథలు 'ఢావ్లో' ఈ మధ్య నేను చదివిన వాటిలో మనసుకి బాగా పట్టిన పుస్తకం. 2024లో ఆయనకి అకాడమీ యువ పురస్కారం వచ్చింది. నిజామాబాద్ వైపు తండాలో పుట్టిన కుర్రవాడు. లంబాడీ ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ పాడే పాటని ఢావ్లో అంటారు. ఈ కథల్లో తండా ఉంది, ఇప్ప చెట్టు ఉంది, తండాకి తెలిసిన భయాలు, దేవతలు, ఆకలి ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయిన పిల్లవాడు బడి భాషలోకి ఇంటి భాషని మోసుకొచ్చి రాస్తే ఎలా ఉంటుందో ఇందులో కనపడుతుంది. మన పిల్లలు కూడా రెండు మూడు భాషల మధ్య తిరుగుతున్నవాళ్లే. తెలుగులో తప్పులు పోతున్నారని వాళ్లని కసిరే ముందు ఈ కథలు రెండు చదివితే కొంత మెత్తబడతాం. ఇవి మాత్రం చిన్నపిల్లలకి కాదు, ఆ తేడా చెప్పాలి.

గోగు శ్యామల కథల పుస్తకానికి సామెతే పేరు, 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్ట తల్లి నయం'. ఏకులబుట్ట ఏమిటో నేత ఇళ్లలో ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేదు. తాండూరు ప్రాంతపు మాదిగ వాడలోని బతుకు, అక్కడి మాటలోనే ఉంటుంది. కూతుర్ని జోగినిని చేస్తామన్న ఊరి పెద్దల చేతిలో పెట్టలేక, ఊరి కోపానికి ఎదురొడ్డి పిల్లని హాస్టల్‌లో చేర్పించే తండ్రి కథ ఒకటి అందులో ఉంది. ఆ కథని నేను గొంతెత్తి చదవలేను, గొంతు పూడుకుపోతుంది. మీలో ఎవరైనా చదవగలిగితే చదవండి. తెలంగాణ మాట అచ్చులో చూసుకోవడం మనలో చాలామందికి ఇప్పటికీ కొత్తే. పుస్తకం తెలుగంటే వేరే ఎవరిదో తెలుగు అనుకుంటూ పెరిగాం కదా.

వలస వచ్చినవాళ్ల కథలు ఎవరైనా రాశారా అని అడుగుతుంటారు. పక్కనున్న ముంబైలో స్థిరపడిన అంబల్ల జనార్దన్ అక్కడి తెలుగువాళ్ల బతుకు మీద కథలు రాశారు, 'బొంబాయి కథలు' ఆయనదే. సూరత్ మీద అలాంటి పుస్తకం నా చేతికి రాలేదు. సాంచాల చప్పుడు, పాళీ మారే వేళ ఉధ్నా రోడ్డు మీద టిఫిన్ డబ్బాలతో సైకిళ్లు, దీపావళి తరవాత లాభపంచమి దాకా మూతపడిన మార్కెట్, ఊరికి పంపే డబ్బు, ఊళ్లో కట్టి తాళం వేసిన ఇల్లు, ఇంత సరుకు ఇక్కడ పడి ఉంది. రాసేవాళ్లెవరైనా వింటున్నారేమో.

ఈ మాట ఒక ఖాతాలో, అంటే సాంచాల కార్ఖానాలో, పనిచేసే స్నేహితుడితో అంటే ఆయన చేతులు జోడించాడు. "అన్నా, పొద్దంత సాంచా తోని కొట్లాడి ఇంటికొస్త. మళ్ల సాంచా కథే జదవాల్నా? జర మంచి మర్డర్ కథ ఉంటే జెప్పరాదు" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. ఆయన అడిగింది న్యాయమే. మధుబాబు షాడో నవలలు ఇచ్చాను. పది రోజులకి ఇంకో రెండు కావాలని వచ్చాడు. పుస్తకం చేతపట్టే అలవాటు పడ్డాక ఆయన్ని నల్లమల తీసుకెళ్లడం కష్టం కాదు, పులి ఉందని చెబితే సరి.

గొంతెత్తి చదవడానికి కుదరనివి కూడా రెండు చెప్పి ముగిస్తాను. మధురాంతకం నరేంద్ర నవల 'మనోధర్మపరాగం' 2022లో అకాడమీ బహుమతి పొందింది. దేవదాసీ కుటుంబాలు, సంగీతం, ఆ ఇళ్లలో ఆడవాళ్ల తరాలు. వాళ్ల నాన్న మధురాంతకం రాజారాం గారికి 1993లో ఇదే బహుమతి వచ్చింది. ఈ నవల నెమ్మదిగా, ఒక్కరే కూర్చుని చదువుకోవాల్సినది. రైలు ప్రయాణానికి బాగుంటుంది. 2023లో బహుమతి వచ్చిన తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి కథలు 'రామేశ్వరం కాకులు' కూడా అలాంటివే. ఆయన ఒక్క మాట ఎక్కువ రాయడు, చదివేవాళ్లు తిరిగి వెనక్కి వెళ్లి చూసుకోవాలి. వినేవాళ్లకి ఆ వీలుండదు కదా.

ఎక్కడ దొరుకుతాయి అన్నది మీరు అడగబోయే ప్రశ్న. ఇంటర్నెట్‌లో తెలుగు పుస్తకాలు అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, తపాలా ఖర్చు కలుస్తుంది. అందుకని ఒక్కొక్కటి కాకుండా నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకేసారి తెప్పించుకోండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. మనం ఊరికి పోయేది దీపావళికీ ఎండాకాలం పెళ్లిళ్లకీ కాబట్టి ఆ రెండూ మనకి అందవు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌లో దిగేవాళ్లు హనుమకొండ పుస్తకాల షాపుల్లో అడగండి. హైదరాబాద్ పోయేవాళ్లకి కాచిగూడ చౌరస్తా దగ్గర నవోదయ ఉంది. పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. రచయిత పేరు కూడా రాసుకోండి, లేకపోతే కొండపొలం అడిగితే వ్యవసాయం అల్మారా చూపిస్తారు.